‘సార్వత్రిక’ విద్య: ఒక మాట వెనుక చరిత్ర



ఇంటర్మీడియట్ ముగిసిన పిల్లల కోసం మీరు దూరవిద్య కరపత్రాలను తెచ్చి చదువుతూ ఉంటారు. వాటిలో కనిపించే మాటలన్నీ ఒకే అర్థం కలవని భావించడం మనలో పరిపాటి. నిజానికి ఒక్కొక్క మాట ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క అవసరం కోసం పుట్టింది. ఆ తేడా తెలియకపోతే నష్టపోయేది విద్యార్థియే.

‘ప్రైవేటుగా కట్టడం’ అన్న మాట మన ఇళ్లలో పాతది. ఇక్కడ బోధన ఉండదు, పరీక్ష మాత్రమే ఉంటుంది. లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే బయటి విద్యార్థులను తన పరీక్షలకు అనుమతించింది. తరువాత వచ్చినది ‘కరస్పాండెన్స్ కోర్సు’. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో దీనిని ఆరంభించింది. పాఠాలు తపాలాలో వచ్చేవి. విద్యార్థి జవాబులు తపాలాలో వెళ్లేవి. బోధించే పద్ధతి మారినదే కాని, ప్రవేశానికి కావలసిన అర్హత మారలేదు.

ఆ అర్హత అనే తలుపును తెరిచినది ‘ఓపెన్’ విశ్వవిద్యాలయం. బ్రిటన్‌లో 1969లో స్థాపితమై, 1971లో బోధన ప్రారంభించిన సంస్థ దీనికి ఆదర్శం. భారతదేశంలో ఇటువంటి మొదటి విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో హైదరాబాదులో ఏర్పడడం తెలుగువారికి గర్వకారణం. ఆచార్య జి. రాంరెడ్డి దాని తొలి ఉపకులపతి. ఇంటర్మీడియట్ చదవనివారు కూడా అర్హతా పరీక్ష రాసి డిగ్రీలో చేరే అవకాశం అక్కడ కలిగింది. డిగ్రీ పాఠాలు తెలుగులో వెలువడ్డాయి. 1991లో ఆ సంస్థకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

భాషోపాధ్యాయులు గమనించవలసిన విశేషం ఒకటి ఇక్కడ ఉన్నది. కన్నడ, మరాఠీ, ఒడియా భాషలు ‘ఓపెన్’ను ‘ముక్త’ అన్నాయి. తమిళం ‘తిఱందనిలై’ అన్నది. ఇవన్నీ తెరిచిన తలుపును సూచించే మాటలు. మన తెలుగు మాత్రం ‘సార్వత్రిక’ అన్నది. సర్వత్ర అంటే అన్ని చోట్లా అని అర్థం. సార్వత్రిక ఎన్నికలు అన్నప్పుడు కూడా అంతటా జరిగేవనియే భావం.

కాని రాష్ట్రం వెలుపల ఉన్న మనకు ఈ ‘అన్ని చోట్లా’ అన్నది అక్షరాలా వర్తించదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్ర సరిహద్దు దాటి అధ్యయన కేంద్రాలు నడపరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యు.జి.సి., 2013లో స్పష్టం చేసినది. కనుక ‘పరిధి’ అన్న మాటను మనం ముందుగా చూడాలి. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో పొరుగు రాష్ట్రపు విశ్వవిద్యాలయం పేరుతో కేంద్రం కనిపిస్తే, దానికి ఆ అధికారం ఉన్నదా అని అడగండి. 1985 నాటి పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి దేశమంతా పరిధియే.

తెరిచిన తలుపుకు కూడా హద్దు ఉన్నది. మొదటి డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో నేరుగా పొందిన ఎం.ఏ. ఉద్యోగానికి చెల్లదని, అన్నామలై విశ్వవిద్యాలయ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009లో తీర్పు చెప్పినది. మెట్టు దాటి మెట్టెక్కినవారికి ఆ ఎం.ఏ. అక్కరకు రాకుండా పోయినది.

‘గుర్తింపు’ అన్నది మరొక కీలక పదం. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలను సుప్రీంకోర్టు 2017లో తప్పుపట్టినది. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉన్నంత మాత్రాన దాని ప్రతి కోర్సుకూ ఉన్నట్లు కాదని దీనివలన తెలుస్తున్నది. చేరే సంవత్సరానికి, చేరే కోర్సుకు అనుమతి ఉన్నదేమో యు.జి.సి. జాబితాలో చూడాలి. అనుమతి ఉన్న దూరవిద్య డిగ్రీ, కళాశాల డిగ్రీతో సమానమేనని ఆ సంఘం 2022లో ప్రకటించినది.

చివరిగా ‘క్రెడిట్’. ఇది మార్కు కాదు, శ్రమకు కొలత. సాధారణంగా ఒక క్రెడిట్ అంటే సుమారు 30 గంటల అధ్యయనం. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశానికి 120 గంటలు కావాలి. ఉద్యోగం చేస్తూ చదివేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

మన పిల్లలు మాతృభాషలో పై చదువులు చదవాలని మనం కోరుకుంటున్నాము. ఆ కోరిక ఫలించాలంటే రుసుము చెల్లించే ముందే ప్రవేశార్హత, పరిధి, గుర్తింపు, క్రెడిట్ అన్న ఈ నాలుగు మాటలను పిల్లలతో కూర్చొని కరపత్రంలో వెదకండి. ఏ ఒక్కటి కనిపించకపోయినా, విశ్వవిద్యాలయానికే వ్రాసి లిఖితపూర్వకంగా సమాధానం పొందండి.