బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్ - ధర, నాణ్యత

బోల్ట్ యాక్షన్ రైఫిల్ అనునది ప్రతి కాల్పు తరువాత చేతితోనే మరల సిద్ధము చేసికొనవలసిన తుపాకి. పిడిని పైకెత్తి వెనుకకు లాగిన ఖాళీ తూటా బయట పడును. ముందుకు నెట్టి క్రిందికి త్రిప్పిన కొత్త తూటా గొట్టములోనికి చేరి, బోల్టు తలుపు గడియ వలె బిగియును. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో జింకల వేటకు ఈ రకము విరివిగా వాడబడుచున్నది. అక్కడ ఒకే తూటాను కాల్చే రెండు రైఫిళ్ళలో ఒకటి 500 డాలర్లలోపు, మరొకటి 2,000 డాలర్లకు పైగా ఉండుట సాధారణము. ఈ వ్యత్యాసములో పనితనానికి చెందినది ఎంత, అందానికీ పేరుకూ చెందినది ఎంత అన్నది కొనుగోలుదారులలో చాలాకాలముగా ఉన్న చర్చ.

చరిత్ర

ఈ తరహా తుపాకులలో ఎక్కువ భాగానికి మూలము 1898లో జర్మనీ సైన్యము స్వీకరించిన మౌజర్ రైఫిల్. దాని బోల్టుకు పంజా వంటి పొడవైన పట్టు ఉంటుంది. తూటా పెట్టెలో నుంచి పైకి లేచిన వెంటనే ఇది తూటా అంచును పట్టుకొనును. 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70 ఈ పద్ధతినే అనుసరించినది. అయితే దీని తయారీలో యంత్రపు పని, చేతిపని రెండూ ఎక్కువే.

రెమింగ్టన్ సంస్థ 1948లో వేరు దారి పట్టినది. 721, 722 మోడళ్ళలో రిసీవరును గుండ్రని ఉక్కు నుంచి సులువుగా తయారు చేయసాగినది. వీటి నుంచే 1962లో మోడల్ 700 వచ్చినది. ఖర్చు తగ్గించుటకు పుట్టిన ఈ నమూనాయే తరువాత అమెరికా సైన్యపు ఎం24, మెరైన్ దళపు ఎం40 స్నైపర్ రైఫిళ్ళకు ఆధారమగుట గమనార్హము. 1958 నాటి సావేజ్ 110 మరింత తెలివైనది. బోల్టు ముఖము నుంచి తూటాను ఆపే చోటు వరకు ఉండవలసిన దూరము చాలా కచ్చితముగా ఉండవలెను. దీనిని నేర్పరి పనివాడు సరిచేయవలసిన అవసరము లేకుండా, గొట్టముపై ఒక నట్టు బిగించి కుదిర్చే ఏర్పాటు ఇందులో ఉన్నది.

పోటీకి తట్టుకొనలేక వించెస్టర్ 1964లో మోడల్ 70ని చవక చేసినది. పంజా పట్టు పోయినది. స్టాకు కట్టెపై చెక్కే నగిషీకి బదులు అచ్చు ఒత్తినారు. కొనుగోలుదారులు దీనిని క్షమించలేదు. 1964కు ముందు తయారైన వాటికి నేటికీ ఎక్కువ ధర పలుకుచున్నది. పాత పద్ధతి 1990లలో తిరిగి వచ్చినది. నిజానికి మార్పు తరువాతి తుపాకులు కూడా గురి తప్పేవి కావు; ప్రజలు తిరస్కరించినది ముఖ్యముగా వాటి రూపాన్ని.

ధర దేనికి?

గురి విషయములో అంతరము నేడు చాలా తగ్గినది. గొట్టము లోపల గట్టి కడ్డీని ఉంచి, బయట నుంచి సుత్తులతో కొట్టి మెలిక గాళ్ళను ఏర్పరచే యంత్రాలు, కంప్యూటరుతో నడిచే కోత యంత్రాలు వచ్చిన తరువాత మంచి గొట్టము చవకగానే తయారగుచున్నది. 2012లో విడుదలైన రూగర్ అమెరికన్ ఇందుకు ఉదాహరణ. ఇటువంటి రైఫిల్ సరిపడిన తూటాతో 100 గజాల దూరములో అంగుళము, అంగుళమున్నర వెడల్పులో గుండ్లను వేయగలదు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాలు కనుక వేటకు ఇది చాలును.

పొదుపు కనిపించేది మరొక చోట. చవక రైఫిల్ ప్లాస్టిక్ స్టాకు పలుచన. ఒత్తిడి పడిన వంగి గొట్టమునకు తగులును. బోల్టు గరుకుగా కదులును. తూటా పెట్టె కూడా తరచు ప్లాస్టిక్కే. ఏటా ఒక పెట్టె తూటాలు మాత్రమే కాల్చే వానికి ఇవి పెద్ద లోపాలు కావు. ఎలుగుబంటి వంటి ప్రమాదకర మృగాలున్న చోట మాత్రము తూటా ఇరుక్కొనకుండా పనిచేయుట ప్రాణముతో కూడిన విషయము; అక్కడ పంజా పట్టు గల ఖరీదైన రైఫిళ్ళను కోరేవారు ఎక్కువ. మిగిలిన డబ్బును దూరదర్శినికి, సాధనకు ఖర్చు చేయుట మేలని అనేకుల అభిప్రాయము. గాజు మసకైన దూరదర్శినితో సంధ్య వేళ ఎంతటి రైఫిలైనా నిరుపయోగమే.

ధర భద్రతకు హామీ కాదు. 2014 ఏప్రిల్‌లో రెమింగ్టన్ సంస్థ, 2006 మే నుంచి అప్పటి వరకు ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గరుతో తయారైన మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్ళను వెనుకకు పిలిపించినది. ట్రిగ్గరు కూర్పులో బంధక పదార్థము ఎక్కువగుట వలన కొన్ని రైఫిళ్ళు అనుకోకుండా పేలవచ్చునని సంస్థయే ప్రకటించినది. ఇవి మరీ చవక రకము తుపాకులు కావు.

భారతదేశములో

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన భారతదేశములో వినోదపు వేట నిషిద్ధము. తుపాకి కలిగియుండుటకు 1959 ఆయుధ చట్టము క్రింద లైసెన్సు కావలెను. 2019 సవరణ తరువాత ఒకరికి సాధారణముగా రెండింటికి మించి అనుమతి లేదు. కనుక ధరల మధ్య ఎంపిక ఇక్కడ పరిమితము. ఇషాపూర్ రైఫిల్ కర్మాగారము లీ-ఎన్‌ఫీల్డ్ నమూనాపై పౌరుల కొరకు 0.315 అంగుళాల రైఫిల్ తయారు చేసినది. తెలుగువారికి పోలీసుల చేతిలో "త్రీ నాట్ త్రీ"గా పరిచయమైన తుపాకి కూడా లీ-ఎన్‌ఫీల్డే.