ఐరన్ క్రాస్: ప్రదాన నియమాల చరిత్ర

ఐరన్ క్రాస్ ప్రష్యా రాజ్యంలో పుట్టి, తర్వాత జర్మన్ సామ్రాజ్యమంతటికీ గుర్తుగా నిలిచిన సైనిక పతకం. 1813లో రాసుకున్న నియమాలు 1918 దాకా పెద్దగా మారలేదు. మారిందల్లా వాటిని పాటించిన తీరు.

నెపోలియన్ మీద యుద్ధానికి సిద్ధమవుతూ ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విలియం బ్రెస్లావ్‌లో ఈ పతకాన్ని నెలకొల్పాడు. శాసనం మీద వేసిన తేదీ 1813 మార్చి 10, అంటే మూడేళ్ల కిందట కన్నుమూసిన రాణి లూయిజా పుట్టినరోజు. రాజు గీసిన చిత్తుబొమ్మకు తుదిరూపం ఇచ్చినవాడు వాస్తుశిల్పి కార్ల్ ఫ్రెడరిక్ షింకెల్. నల్లటి పోత ఇనుము, చుట్టూ సన్నటి వెండి అంచు, అంతే. ఖజానా ఖాళీగా ఉండి, ప్రజలు ఒంటిమీది బంగారాన్ని యుద్ధనిధికి ఇచ్చి ఇనుప నగలు తీసుకుంటున్న రోజులవి.

శాసనంలో అసలు కొత్తదనం హోదాను లెక్కచేయకపోవడం. సిపాయికైనా సేనానికైనా ఒకటే శిలువ. రెండో తరగతి పొందనివారికి మొదటి తరగతి ఇవ్వరాదు. రెండో తరగతిని రిబ్బనుతో ధరించాలి, మొదటి తరగతిని రిబ్బను లేకుండా ఎడమ రొమ్ముపై పెట్టుకోవాలి. రణరంగంలో పోరాడినవారికి తెల్ల అంచుల నల్ల రిబ్బను, యుద్ధానికి వెనకనుండి సాయపడినవారికి నల్ల అంచుల తెల్ల రిబ్బను. ఈ రెండో రకం రిబ్బను కట్టుకున్నవారిని రణభూమి చూసినవారు కాస్త చిన్నచూపు చూసేవారు. అన్నిటికన్నా పై తరగతి అయిన గ్రాండ్ క్రాస్ సేనాధిపతులకే. నిర్ణాయక యుద్ధం గెలిచి శత్రువును స్థానం విడిచేలా చేయాలి, లేదా ముఖ్యమైన కోటను పట్టాలి, లేదా తన కోటను శత్రువు చేజిక్కకుండా కాపాడుకోవాలి. 1813 నాటి యుద్ధాల్లో దాన్ని అందుకున్నది అయిదుగురే. వాటర్లూ యుద్ధం తర్వాత ప్రష్యా సేనాధిపతి బ్లూషర్ కోసం ప్రత్యేకంగా ఒక నక్షత్ర పతకం చేయించారు.

అన్నిటికన్నా విచిత్రమైనది వారసత్వ నియమం. శిలువల సంఖ్య పరిమితం కాబట్టి అర్హులైన మిగతావారిని జాబితాలో రాసుకుని, పతకధారి చనిపోగానే అతని శిలువను వరుసలోని తర్వాతివాడికి ఇచ్చేవారు. కుటుంబానికి అది దక్కేది కాదు. హోదాలాగే స్త్రీ అన్న తేడా కూడా శిలువకు అడ్డు రాలేదు. ఫ్రెడెరికె క్రూగర్ అనే యువతి మగవేషంతో సైన్యంలో చేరి, 1813 సెప్టెంబర్ 6న డెన్నెవిట్జ్ యుద్ధంలో గాయపడింది. ఆమె స్త్రీ అన్న గుట్టు బయటపడింది. అయినా ఆమెను పంపేయలేదు సరికదా, రెండో తరగతి శిలువ కూడా ఇచ్చారు. స్త్రీలకు ఇవ్వకూడదనే మాట ఎవరికీ తట్టలేదో, తట్టినా పక్కన పెట్టారో.

ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలైన 1870 జులై 19న, అంటే లూయిజా వర్ధంతి నాడు, ఆమె కొడుకు మొదటి విలియం పతకాన్ని పునరుద్ధరించాడు. ఈసారి ప్రష్యన్లే కాక ఇతర జర్మన్ రాజ్యాల సైనికులూ అర్హులు. రెండో తరగతి శిలువలు నలభై వేలు దాటాయి. ఆ యుద్ధానికి పాతికేళ్లు నిండిన సందర్భంగా 1895 ఆగస్టు 18న చక్రవర్తి రెండో విలియం స్మారకంగా వెండి ఓక్ ఆకుల గుర్తు ఇచ్చాడు. దానిమీద ‘25’ అంకె ఉండేది. దాన్ని రెండో తరగతి పతకధారులు రిబ్బనుపై తగిలించుకునేవారు.

మొదటి ప్రపంచ యుద్ధం కోసం 1914 ఆగస్టు 5న పతకాన్ని మూడోసారి మొదలుపెట్టినప్పుడు మిత్రదేశాల సైనికులకూ తలుపులు తెరుచుకున్నాయి. నాలుగేళ్లలో రెండో తరగతి శిలువలు యాభై లక్షల దాకా వెళ్లాయని అంచనా. మొదటి తరగతివి సుమారు రెండు లక్షల పైచిలుకు. నియమం మారలేదు, పతకం మాత్రం చవకైంది. ఎవరికి రావాలన్నది చాలావరకు రెజిమెంట్ కార్యాలయాల్లో రాసే సిఫారసులను బట్టి ఉండేది. ఆ కాగితాల పని చూసేది అడ్జుటెంట్లు. 1918 ఆగస్టు 4న బవేరియా 16వ రిజర్వ్ పదాతి రెజిమెంట్‌లో వార్తాహరుడైన అడాల్ఫ్ హిట్లర్‌కు మొదటి తరగతి శిలువ దక్కింది. అతని పేరు సిఫారసు చేసిన అడ్జుటెంట్ హ్యూగో గుట్మాన్ యూదుడు. నాజీ పాలనలో గుట్మాన్ దేశం విడిచి పోవలసివచ్చింది; హిట్లర్ ఆ శిలువను జీవితాంతం రొమ్మున పెట్టుకున్నాడు.

1939లో స్వస్తిక చేర్చి శిలువను మళ్లీ తెచ్చారు. పశ్చిమ జర్మనీ 1957 చట్టం స్వస్తిక లేని రూపంలో మాత్రమే దాన్ని ధరించడానికి అనుమతించింది.