కవ్వపు త్రాడు నుండి చిలుకుమర వరకు: మంథనయంత్ర చరిత్ర, మంథనతత్త్వం

శ్రీ గురుభ్యో నమః

కొంతకాలంగా ఆస్తికజనులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. "మా ఇంట కవ్వం లేదు, త్రాడు కట్టే స్తంభమూ లేదు. గాజుపాత్రపై పిడి త్రిప్పే చేతిమరతో వెన్న తీస్తున్నాము. యంత్రంతో తీసిన ఆ నవనీతం స్వామికి నివేదించవచ్చునా? కాచిన నేయి హోమానికి యోగ్యమేనా?" అన్నది ఆ సందేహం. విదేశాలలో నివసించే మన బంధుజనులకు ఈ శంక మరింత అధికం. అవును, కాదు అని ఒక్కమాటలో చెప్పి పంపడం సులభమే. కానీ ప్రశ్నలో "యంత్రం" అన్న పదం వద్దనే ఒక పొరపాటు దాగి ఉన్నది. అది తొలగాలంటే చిలుకుటకు మానవుడు ఏయే సాధనాలను కల్పించుకొన్నాడో, వాటి నిర్మాణంలో ఏది మారినదో, ఏది మారలేదో విచారించాలి.

యంత్రశబ్దం మనకు పరాయిది కాదు

యంత్రమనగానే ఇనుము, పళ్ళచక్రాలు, విద్యుత్తు స్ఫురించడం నేటి అలవాటు. మన శాస్త్రంలో ఆ పదం అతిప్రాచీనం. అగ్నిమంథన సామగ్రిని వర్ణిస్తూ కాత్యాయనుని కర్మప్రదీపం ప్రమంథం 8 అంగుళాలు, చాత్రం 12 అంగుళాలు, ఓవిలి 12 అంగుళాలు ఉండాలని చెప్పి, ఆ సముదాయానికి "మంథనయంత్రకం" అనే పేరు పెట్టినది. శమీగర్భమైన అశ్వత్థంతో చేసిన అధరారణి క్రింద ఉంటుంది. ఉత్తరారణి నుండి తీసిన ప్రమంథాన్ని చాత్రమనే కదురు అడుగున బిగిస్తారు. పైనుండి ఓవిలితో అదిమి పట్టి, గోవాలమూ జనుపనారా కలిపి ముప్పేటగా పేనిన వ్యామప్రమాణపు త్రాటిని చాత్రానికి చుట్టి, ఇరుకొసలనూ మార్చి మార్చి లాగుతారు. ఆ త్రాటికి "నేత్రం" అని పేరు.

మహాభారతం ఆదిపర్వంలోని అమృతమంథన ఘట్టంలోనూ ఈ పదమే దర్శనమిస్తుంది. కూర్మరాజు తన వీపును ఆధారంగా ఇచ్చిన పిమ్మట ఇంద్రుడు పర్వతాగ్రాన్ని యంత్రంతో అదిమిపట్టినాడని అక్కడ చెప్పబడినది. క్రింద కూర్మం, పైన ఇంద్రుని యంత్రం, నడుమ మందరం, దానికి చుట్టిన నేత్రంగా వాసుకి. అరణిలోని అధరారణి, ఓవిలి, చాత్రం, నేత్రం ఒక్కొక్కటిగా అక్కడ గోచరిస్తాయి. కనుక యంత్రమన్న కారణంచేత మాత్రమే ఒక సాధనాన్ని త్యజించవలసి వస్తే, మొదట అరణినే త్యజించవలసి ఉంటుంది.

కవ్వపు నిర్మాణం

దధిమంథనానికి శ్రుతిలోనే ప్రమాణమున్నది. ఋగ్వేద ప్రథమమండలం 28వ సూక్తం శునఃశేపుడు దర్శించినది. అందులో 4వ మంత్రం మంథదండాన్ని త్రాళ్ళతో కట్టడాన్ని, అశ్వాన్ని అదుపు చేసే పగ్గాలతో పోల్చినది. ఈ ఉపమానం సామాన్యమైనది కాదు. పగ్గం గుఱ్ఱాన్ని కేవలం పరుగెత్తించేది కాదు, మరల్చేది, నిలిపేది కూడా. కవ్వపు త్రాడు చేసే పనీ అదే.

అమరకోశం వైశ్యవర్గంలో ఈ సాధనానికి సంబంధించిన పదాలన్నిటినీ ఒకచోట కూర్చినది. వైశాఖం, మంథం, మంథానం అనేవి కవ్వపు పేర్లు. మంథని, గర్గరి అనేవి చిలుకుకుండ పేర్లు. కవ్వాన్ని నిలిపే స్తంభానికి కుఠరమనీ, దండవిష్కంభమనీ పేర్లు. స్తంభానికి కూడా ప్రత్యేక నామం ఉండడం గమనించదగినది. చూచేవారికి కవ్వం కనబడుతుంది, త్రాడు కనబడుతుంది. కదలని స్తంభం ఎవరి దృష్టికీ రాదు. అది లేనినాడు కవ్వం కుండను బ్రద్దలు చేస్తుంది.

మన తెలుగునాట పెద్దకుటుంబాలలో ఉండిన అమరిక ఇదే. పెరుగుకుండను కుదురుపై నిలిపి, కవ్వాన్ని గుంజకు రెండుచోట్ల ఉచ్చులతో తగిలించి, నడుమ త్రాటిని రెండు మూడు చుట్లు చుట్టి, కుడిచేతితో ఒకసారి, ఎడమచేతితో ఒకసారి లాగేవారు. కొద్దిపాటి పెరుగైతే చిన్నకవ్వాన్ని రెండు అరచేతుల నడుమ ఉంచి త్రిప్పేవారు. తెలుగులో చిలుకుటకు "తరి" అన్న మాట కూడా ఉన్నది. తరికుండ, తరిత్రాడు దానినుండి వచ్చినవే. భక్తకవయిత్రి వెంగమాంబ జన్మించిన తరిగొండలో, చిలుకుతున్న తరికుండలో శ్రీలక్ష్మీనరసింహుడు ఆవిర్భవించినందున ఆ గ్రామానికి ఆ పేరు కలిగినదని స్థలగాథ. ఉడుపిలో శ్రీమధ్వాచార్యులు ప్రతిష్ఠించిన బాలకృష్ణుని కుడిచేత కవ్వం, ఎడమచేత త్రాడు ఉంటాయి. శంఖచక్రాలు ధరించవలసిన హస్తాలు అక్కడ మంథనసాధనాన్ని ధరించినవి.

ఇరుదిక్కుల కదలిక

కవ్వం గతిని ఒకసారి నిదానంగా పరిశీలిద్దాము. కుడివైపు లాగినప్పుడు కవ్వం ఒకదిక్కున తిరుగుతుంది. పెరుగు కూడా దానితోపాటు తిరగనారంభిస్తుంది. అది పూర్తిగా వశమై, కవ్వంతో సమానవేగంతో సుడి తిరిగే లోపుననే ఎడమచేయి త్రాటిని లాగుతుంది. కవ్వం వెనుకకు మరలుతుంది. పెరుగు ఇంకా ముందువైపుకే పోతూ ఉంటుంది. ఆ విరోధంలోనే అసలైన మథనం జరుగుతుంది.

పాలలోని కొవ్వు కంటికి కనబడని సూక్ష్మబిందువులుగా విడివిడిగా ఉంటుంది. ప్రతి బిందువు చుట్టూ పలుచని పొర ఒకటి ఉంటుంది. ఆ పొర ఉన్నంతవరకు బిందువులు ఒకదానినొకటి తాకినా కలియవు. ఎదురెదురు కదలికలలో పొరలు చిట్లినప్పుడు కొవ్వు కొవ్వును చేరి, ముద్దగా కూడి, తేలికయైనది కనుక పైకి తేలుతుంది. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన దృష్టాంతం ఇదే. చిలుకబడే పెరుగులోని అణిమ, అనగా సూక్ష్మాంశం, ఊర్ధ్వంగా లేచి నేయి అవుతుందని ఆయన బోధించినాడు.

అమృతమంథనంలో దేవతలొక వైపు, అసురులొక వైపు ఎందుకు నిలువవలసి వచ్చినదో ఇప్పుడు అర్థమవుతుంది. ఇరువురూ ఒకేవైపు లాగితే వాసుకి జారిపోతాడు, మందరం మరలదు. కాంబోజదేశంలో 12వ శతాబ్దపు అంకోర్‌వాట్ విష్ణ్వాలయపు తూర్పు మండపంలో సుమారు 49 మీటర్ల పొడవున ఈ దృశ్యం శిల్పీకృతమైనది. 88 మంది దేవతలు ఒకవైపు, 92 మంది అసురులు మరొకవైపు వాసుకిని పట్టి ఉండగా, నడుమ శ్రీమహావిష్ణువు, క్రింద కూర్మం దర్శనమిస్తాయి. శ్రీమద్భాగవతం అష్టమస్కంధంలో ఆధారం లేని మందరం సముద్రంలో మునిగినది. కూర్మరూపంతో స్వామి దానిని క్రింద ధరించి, మరొక రూపంతో పైనుండి అదిమి పట్టినాడు. విరుద్ధమైన రెండు బలాలు ఫలించాలంటే వాటి నడుమ కదలనిది ఒకటి ఉండాలి.

చేతిమర ఎట్లు పుట్టినది

పాశ్చాత్యదేశాలలో పెరుగును కాక మీగడను చిలికే ఆచారం ప్రబలం. వారి పాతసాధనం పొడవైన కొయ్యపాత్ర. రంధ్రాలున్న పలకను కర్ర కొసకు బిగించి దంపినట్లు పైకీ క్రిందికీ ఆడించేవారు. తరువాత పీపాను అడ్డంగా అమర్చి పిడితో దొర్లించే పద్ధతి వచ్చినది. పీపా తిరిగినప్పుడల్లా మీగడ పైనుండి క్రిందికి పడి గోడను తాకుతుంది. ఆ తాకిడియే అక్కడ మథనం.

ఇంటింటికీ ప్రసిద్ధమైన చేతిమర అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో డేజీ సంస్థ 20వ శతాబ్ది తొలిభాగంలో తయారుచేసినది. గాజుసీసా, దానిపై ఇనుపమూత, మూతపై పళ్ళచక్రాలు, ప్రక్కన పిడి, లోపల కొయ్యరెక్కలు. దాని సీసాలపై 1922 ఫిబ్రవరి 14 నాటి పేటెంటు తేదీ కనబడుతుంది. 40వ సంఖ్య గల సీసాలో 4 క్వార్టులు, అనగా సుమారు 3.8 లీటర్లు పడతాయి. పిడితో తిరిగే పెద్దచక్రం చిన్నచక్రాన్ని త్రిప్పుతుంది. పెద్దదానికి 60 పళ్ళు, చిన్నదానికి 15 పళ్ళు ఉన్నాయనుకొంటే, చేయి ఒక చుట్టు తిరిగేసరికి రెక్కలు 4 చుట్లు తిరుగుతాయి. శ్రమ తగ్గినది, వేగం పెరిగినది. పిడి త్రిప్పే విధానం మనకు క్రొత్తదేమీ కాదు. మన తిరగలి రాయికి అంచున నిలిపిన పిడి కూడా ఆ సూత్రం మీదనే పనిచేస్తుంది.

ఇక్కడ ఒక శంక కలగాలి. పిడిని ఒకే దిక్కున త్రిప్పుతాము. రెక్కలు ఒకే దిక్కున తిరుగుతాయి. మీగడ కూడా వాటితో సుడి తిరిగిపోతే మథనమెట్లు జరుగుతుంది? సమాధానం సీసా ఆకారంలోనే ఉన్నది. ఆ సీసాలు చాలావరకు గుండ్రనివి కావు, నలుచదరపువి. తిరుగుతూ వచ్చిన మీగడ మూలలకు కొట్టుకొని వెనుకకు విరుగుతుంది. మన కవ్వంలో ఎడమచేయి చేసే పనిని అక్కడ నాలుగు మూలలు చేస్తున్నవి. మన కుండ గుండ్రనిది, అందుచేత గతిని మార్చినాము. వారు గతిని మార్చలేదు, అందుచేత పాత్రను మార్చినారు. మన గుంజ చేసే పనిని అక్కడ కదురును నిలిపే ఇనుపమూత చేస్తున్నది. కాలం మారినా, దేశం మారినా, ప్రతిగతి, ఆధారం అనే రెండింటిని ఎవరూ విడువలేకపోయినారు.

ఒకే దిక్కు భ్రమణం ఏమి ఇస్తుందో చెప్పే సాధనం కూడా ఒకటున్నది. 1878లో స్వీడన్ దేశీయుడైన గుస్తాఫ్ డి లావాల్ అతివేగంగా తిరుగుతూ పాలనుండి మీగడను వేరుచేసే యంత్రాన్ని రూపొందించినాడు. అది బరువును తేలికను వేరుచేస్తుంది. లభించేది మీగడ మాత్రమే. ఆ మీగడ వెన్న కావాలంటే మరల చిలుకవలసినదే.

సాధకునికి దీని అన్వయం

శ్వేతాశ్వతరోపనిషత్తు దేహాన్ని అధరారణిగా, ప్రణవాన్ని ఉత్తరారణిగా, ధ్యానాన్ని మథనంగా చెప్పినది. అమృతబిందూపనిషత్తు పాలలో నేయివలె సర్వభూతాలలో నిగూఢమైన విజ్ఞానాన్ని మనస్సనే కవ్వంతో నిరంతరం చిలుకమన్నది. ఈ దృష్టాంతాలను మనము వింటాము. కానీ చిలుకుట ఎట్లన్నది కవ్వాన్ని చూచినవారికే తెలుస్తుంది.

మనస్సు విషయాలతో కలిసి ఒకే దిక్కున తిరుగుతున్నంతకాలం ఎంత వేగంగా తిరిగినా దానినుండి ఏదీ పైకి తేలదు. రోజంతా పూజలు, పారాయణలు, యాత్రలు చేసి కూడా "ఏమీ మిగలలేదు" అని వాపోయే సాధకులున్నారు. వారి కవ్వం తిరుగుతున్నది, పెరుగు కూడా దానితో తిరుగుతున్నది. ప్రవృత్తికి నివృత్తి ఎదురుపడాలి. అభ్యాసానికి వైరాగ్యం తోడుకావాలి. శ్రవణం చేసిన దానిని మననంలో పూర్వపక్షంతో ఢీకొట్టించాలి. మన భాష్యకారులు పూర్వపక్షాన్ని అంత శ్రద్ధగా, బలంగా నిలబెట్టినది ఇందుకే. రెండవ కొసను లాగేవాడు బలహీనుడైతే సిద్ధాంతమనే నవనీతం రాదు. జీవితంలో మనకు ఎదురయ్యే ప్రతికూలతను కూడా త్రాటి రెండవ కొసగా స్వీకరించగలిగినవాడు ధన్యుడు.

అయితే ఈ లాగులాటకు కూర్మం కావాలి. రాగద్వేషాలు, సుఖదుఃఖాలు, సంశయనిశ్చయాలు ఇరువైపులా లాగుతుండగా వాటికి సాక్షిగా కదలక నిలిచిన చైతన్యాన్ని వేదాంతం కూటస్థమన్నది. విద్యారణ్యస్వామి పంచదశిలో కూటస్థదీపమని ఒక ప్రకరణాన్నే దానికి కేటాయించినారు. ఆ స్తంభాన్ని ఎరుగక కేవలం త్రాటినే లాగేవానికి కుండ పగలడమే మిగులుతుంది.

త్రాటికి నేత్రమన్న పేరు కూడా ఇక్కడ స్మరణీయం. నడిపించేది నేత్రం. కంటికీ అదే పేరు, కవ్వపు త్రాటికీ అదే పేరు. చిలుకుతున్నవాని చూపు కుండపై ఉండాలి. వెన్న కూడిన పిమ్మట కూడా చిలికితే అది మెత్తబడి చెదరిపోతుంది. వేడి ఎక్కువైతే జిడ్డుగా మారుతుంది, చలి ఎక్కువైతే కూడనే కూడదు. మీగడనైతే 10 నుండి 15 డిగ్రీల సెల్సియస్ నడుమ చిలుకుట శ్రేయస్కరం. మన తల్లులు ఉష్ణమాపకం లేకయే వేసవిలో చన్నీళ్ళు, శీతకాలంలో గోరువెచ్చని నీళ్ళు చేర్చి, తెల్లవారుజామున చిలికేవారు. ఎప్పుడు ఆపవలెనో ఎరుగుట కూడా సాధనలో భాగమే.

ప్రస్తుత సందేహానికి సమాధానం

చేతిమరతో తీసిన వెన్నకు యంత్రంవలన దోషం లేదు. విద్యుత్తుతో తిరిగినా అంతే. విచారించవలసినది ద్రవ్యాన్ని. గోక్షీరమేనా, పాత్ర శుచిగా ఉన్నదా, ఉప్పు గానీ రంగు గానీ కలియలేదా అన్నవి చూడాలి. అంగడిలో దొరికే వెన్నలలో చాలావాటికి ఉప్పు కలుపుతారు, అటువంటిది హోమానికి వాడరాదు. పెరుగునుండి కాక మీగడనుండి తీసినదని సంకోచించవలసిన పని లేదు. సుశ్రుతసంహిత సూత్రస్థానం 45వ అధ్యాయంలో క్షీరోత్థ నవనీతం, అనగా పాలనుండి నేరుగా తీసిన వెన్న, ప్రత్యేకంగా పేర్కొనబడినది. తోడుపెట్టి చిలుకగలిగినవారు అట్లే చేయడం మన ఇండ్ల సంప్రదాయానికి మరింత అనుగుణం. హోమంలో ఆజ్యాన్ని కరగించి, దర్భపవిత్రాలతో ఉత్పవనం చేసి సంస్కరించిన పిమ్మటనే వినియోగిస్తాము. ఏ పాత్రలో పుట్టినదైనా ఆ సంస్కారంతోనే అది ఆజ్యమవుతుంది. మీ కులాచార్యులు విశేషనియమం చెప్పి ఉంటే దానినే అనుసరించండి.

ఒక్క మాట మాత్రం మనవి చేస్తాను. దశమస్కంధంలో నందుని ఇంట దాసీజనం వేరే పనులలో ఉండగా యశోదాదేవి స్వయంగా పెరుగు చిలికినది, చిలుకుతూ బాలుని లీలలను గానం చేసినది. అప్పుడు స్వామి వచ్చి కవ్వాన్ని పట్టుకొని ఆపినాడు. కనుక వారానికొకసారియైనా మీ చేతితో పిడి త్రిప్పండి, త్రిప్పుతున్నంతసేపు నామస్మరణ చేయండి. పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, తెల్లని మీగడలో వెన్న కూడే క్షణాన్ని వారికి చూపించండి. ఉద్దాలకుడు కుమారునికి చెప్పిన మాట వారికి అప్పుడు చెబితే తేలికగా బోధపడుతుంది.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.