తొలి యుద్ధవిమాన దళాల్లో మైనర్ బాలురు (బ్రిటన్)

1912లో ఏర్పడిన రాయల్ ఫ్లయింగ్ కోర్, నౌకాదళపు విమాన విభాగం కలిసి 1918 ఏప్రిల్ 1న రాయల్ ఎయిర్ ఫోర్స్ అయ్యాయి. వీటిలో పనిచేసిన మైనర్లు రెండు రకాలు: ‘బాయ్’ హోదాలో నిబంధనల ప్రకారమే చేరి మెకానిక్ పని నేర్చుకున్నవారు, వయసు పెంచి చెప్పి చేరినవారు. పరిశోధకుడికి చిక్కంతా రెండో రకంతోనే. చేరిక పత్రంలో రాసిన వయసు చాలాసార్లు కుర్రాడి నోటిమాటే కాబట్టి దాన్ని జనన నమోదుతోనూ, 1911 జనగణనతోనూ సరిచూడాలి. ఆ లెక్కల్లో పన్నెండేళ్లవాడు 1915కి పంతొమ్మిదేళ్లవాడు కాలేడు కదా! లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో సిబ్బంది రికార్డులు ఏఐఆర్ 79 శ్రేణిలో, సర్వీసు నంబర్ల వరుసలో ఉన్నాయి. నౌకాదళం నుంచి వచ్చినవారి పాత నంబరుకు 2,00,000 కలిపారు: ఎఫ్ 1234 కాస్తా 201234 అయింది.