వయసు మళ్లినవారికి కాలేయ మార్పిడి: ఎంపిక ఎలా జరుగుతుంది

కాలేయం పూర్తిగా చెడిపోయిన వృద్ధుల్లో ఎవరికి కొత్త కాలేయం అమర్చాలి, ఎవరిని మందులతోనే కాపాడుకోవాలి అన్నది వైద్యంలోని కఠిన నిర్ణయాల్లో ఒకటి. మన దేశంలో చాలాకాలం దీనికి ఒక గీత ఉండేది. 65 ఏళ్లు దాటినవారు మరణించిన దాతల అవయవాల కోసం పేరు నమోదు చేసుకునే వీలుండేది కాదు. 2023 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ ఆ పరిమితిని ఎత్తేసింది. అది న్యాయమైన పని. అయితే గీత పోయాక వైద్యుల బాధ్యత పెరిగింది. ఇక ప్రతి మనిషినీ విడిగా చూసి తేల్చాలి.

అమెరికా వైద్యుడు థామస్ స్టార్జల్ 1963లో మనిషికి తొలిసారి కాలేయం మార్చారు. తొలి దశలో 50 దాటినవారికి ఈ శస్త్రచికిత్స చేయడానికి వైద్యులు జంకేవారు. ఆ వయసువారి ఫలితాలను 1987లో స్టార్జల్ బృందమే ప్రచురించి దారి తెరిచింది. ఇతర పెద్ద జబ్బులు లేకపోతే 70 దాటడం కూడా అడ్డంకి కాదని 2013 నాటి అమెరికా మార్గదర్శకాలు చెప్పాయి.

ఎవరికి ముందు అన్నది తేల్చడానికి వాడే కొలత మెల్డ్ స్కోరు. రక్తంలో బిలిరుబిన్, క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే వేగాన్ని చెప్పే ఐఎన్ఆర్ ఆధారంగా 6 నుంచి 40 వరకు లెక్కిస్తారు. అంకె పెరిగేకొద్దీ ప్రాణాపాయం ఎక్కువన్నమాట. వృద్ధుల విషయంలో ఇందులో ఒక చిక్కుంది. కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. కండ కరిగిపోయిన ముసలమ్మకు కిడ్నీలు దెబ్బతిన్నా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు. అంటే స్కోరు చెప్పేదానికంటే ఆమె జబ్బు ముదిరి ఉండవచ్చు. ఈ లోపాన్ని కొంత సరిదిద్దడానికే కొత్త మెల్డ్ 3.0లో మహిళలకు అదనపు పాయింట్లు కలిపారు.

అందుకే అనుభవమున్న వైద్యులు కాగితాలు పక్కనపెట్టి మనిషిని నడిపించి చూస్తారు. పిడికిలి ఎంత గట్టిగా బిగిస్తున్నారు, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవగలరా, తూలకుండా నిలబడగలరా? శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందిన కాలేయ దౌర్బల్య సూచిక ఈ మూడింటి మీదే ఆధారపడుతుంది. గుండె రక్తనాళాలు, ఊపిరితిత్తులు, దాగి ఉన్న క్యాన్సర్లు, తరవాత చూసుకునే మనుషులు ఉన్నారా అన్నదీ పరిశీలిస్తారు. పొలం గట్టు మీద నడిచివచ్చే 70 ఏళ్ల రైతు, మంచం దిగలేని 58 ఏళ్ల మధుమేహ రోగి కంటే శస్త్రచికిత్సను బాగా తట్టుకోవచ్చు.

కాలేయ క్యాన్సర్ ఉంటే లెక్క మారుతుంది. బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్‌కు 1995 జూన్‌లో, 63 ఏళ్ల వయసులో కాలేయం మార్చారు. క్యాన్సర్ పాకిపోవడంతో ఆగస్టులోనే ఆయన చనిపోయారు. మరుసటి ఏడాది వచ్చిన మిలన్ ప్రమాణాలు హద్దు గీశాయి: ఒకే గడ్డయితే 5 సెంటీమీటర్లు, మూడు వరకైతే ఒక్కోటి 3 సెంటీమీటర్లు మించరాదు.

న్యాయం మాటేమిటి? బ్రిటన్ 2018 నుంచి మార్పిడి వల్ల ఎవరికి ఎంత మేలో కంప్యూటర్ లెక్కతో తేలుస్తోంది. ఆ లెక్క ఐదేళ్ల దగ్గర ఆగిపోవడంతో, ఇంకా ఎన్నో ఏళ్లు బతకాల్సిన యువకులు వెనకబడుతున్నారని 2023లో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. ముసలివారికి తలుపు మూయడమూ తప్పే, లెక్క పొరపాటుతో పడుచువారిని వెనక్కి నెట్టడమూ తప్పే.

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలం ముత్యంపేటలో ఈ ప్రశ్న ఇంకోలా ఎదురవుతుంది. కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ల కొడుకులు ఎందరో దుబాయి, మస్కట్‌లలో కూలి చేస్తున్నారు. మన దేశంలో కాలేయ మార్పిడులు ఎక్కువగా బతికున్న దాతల వల్లే జరుగుతాయి. తండ్రికి కాలేయ భాగం ఇవ్వగలిగిన కొడుకు గల్ఫ్‌లో ఉంటే? కోడలు, అల్లుడు ముందుకొచ్చినా అవయవ మార్పిడి చట్టం దృష్టిలో వారు దగ్గరి బంధువులు కారు, కమిటీ అనుమతి కావాలి. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ కేంద్ర చట్టాన్ని స్వీకరించడంతో తాతకు మనవడు ఇచ్చే దారి తెరుచుకుంది. అయినా దాతకు ప్రాణాపాయం తక్కువే తప్ప లేకపోలేదు. సంపాదించే పిల్లవాడిని ఆ బల్ల మీద పడుకోబెట్టే ముందు, తండ్రికి నిజంగా ఎన్ని మంచి ఏళ్లు దక్కుతాయో వైద్యులు దాచకుండా చెప్పాలి.

మరణించిన దాత కోసం ఎదురుచూసేవారి పేర్లను ఆసుపత్రి ద్వారా ‘జీవన్‌దాన్’లో నమోదు చేస్తారు. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి నుంచి నడిచే ఈ పథకం 2013 నుంచి అమలులో ఉంది. చికిత్స ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకం పరిమితి 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెరిగింది. కానీ హైదరాబాద్ ముత్యంపేటకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. కామెర్లు తగ్గకపోయినా, పొట్టలో నీరు చేరినా, పెద్దాయన నడవగలిగి ఉన్నప్పుడే కాలేయ నిపుణుడికి చూపించండి. మంచం పట్టాక తీసుకెళ్తే ఎంపికకే అవకాశం ఉండదు.