గేదెల్ని తరిమారు, బాతులు తగ్గాయి

మనిషి చెయ్యి పడకుండా వదిలేస్తే ప్రకృతి దానంతటదే బాగుపడుతుందని తరచూ వింటుంటాం. దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా ఈ మాటను వేదవాక్కులా పలుకుతారు. అది అనుకోకుండా పరీక్షకు నిలిచిన చోటు రాజస్థాన్‌లోని భరత్‌పూర్.

అక్కడి కేవలాదేవ్ పక్షుల పార్కు విస్తీర్ణం సుమారు 29 చదరపు కిలోమీటర్లు. పేరు లోపలున్న శివాలయానిది. చెరువులు మాత్రం శివుడు తవ్వినవి కావు. 18వ శతాబ్దంలో రాజా సూరజ్‌మల్ కట్టించిన అజాన్ బంధం నీటిని, 19వ శతాబ్దం చివర్లో సంస్థానం వాళ్లు కాలువలతో పల్లానికి మళ్లించారు. గట్లు వేసి, తూములు పెట్టి, బాతుల వేట కోసం చిత్తడి నేల తయారు చేశారు. 1938 నవంబర్ 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పక్షుల్ని కాల్చింది. ఆ లెక్కను రాతి మీద చెక్కించారు కూడా! (లెక్కలు చూడటమే ఉద్యోగంగా బతికినవాణ్ణి. ఇంత గర్వంగా రాసిన ఖర్చు పద్దు మరొకటి చూడలేదు.)

అయినా ఏటా పక్షులు వచ్చేవి. చుట్టుపక్కల పల్లెల గేదెలు నీళ్లలోకి దిగి మేసేవి. 1981లో దాన్ని జాతీయ పార్కు చేశారు. 1982లో మేత నిషేధించారు. ఊళ్లవాళ్లు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో కొందరు చనిపోయారు. మేత ఆపాలన్నవాళ్లలో సలీం అలీ వంటి పెద్దలూ ఉన్నారు.

తర్వాత ఏమైంది? పాస్పాలం అనే గడ్డి నీటి మీద చాపలా అల్లుకుంది. ఇంతకాలం దాన్ని అదుపులో ఉంచింది గేదెలే. బాతులకు తేటనీళ్లు కావాలి, అవి కరువయ్యాయి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వి.ఎస్. విజయన్ బృందం 1980ల్లో ఏళ్ల తరబడి పరిశీలించి, ఈ చిత్తడి నేలకు గేదెల మేత అవసరమని తేల్చింది. సలీం అలీది కూడా ఆ సొసైటీయే! తమ పెద్దల అభిప్రాయానికి ఎదురొచ్చిన ఫలితాన్ని దాచకుండా చెప్పారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

2002 తర్వాత సైబీరియా కొంగలు అక్కడికి రాలేదు. దాన్నీ మేత నిషేధం ఖాతాలో వేయడం తప్పు. వాటిని దారి పొడవునా వేటాడారు.

చివరికి గడ్డి కోసుకోవడానికి ఆ ఊళ్లవాళ్లనే లోపలికి రానిచ్చారు. కానీ గేదె మెడలోతు నీళ్లలో మేస్తుంది, కొడవలి పట్టిన మనిషి అంత లోతుకు దిగలేడు.