గంజిఫా పేకలో రంగుల నియమం

గంజిఫా గుండ్రటి ముక్కలతో ఆడే పాత పేకాట. ఇందులో రంగును అందం కోసం పూసిందని అనుకోకూడదు, ఆట నడిచేదే దాని మీద. ఒక్కో జట్టులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు, వెరసి 12 ముక్కలు. ఆ పన్నెండింటికీ అడుగున పూసే రంగు ఒక్కటే. ఎనిమిది జట్లయితే 96 ముక్కల మొఘల్ పేక, పది జట్లయితే 120 ముక్కల దశావతార పేక.

1527లో సింధులోని షా హసన్‌కు గంజిఫా పంపినట్టు బాబరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అక్బరు కాలపు పేకల వర్ణన అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో ఉంది. మొఘల్ పేకలో రెండు జట్ల పేర్లే రంగుల పేర్లు: సఫేద్ అంటే తెలుపు, సుర్ఖ్ అంటే ఎరుపు. తెల్లది వెండి నాణెం, ఎర్రది బంగారు నాణెం. పగలు ఆడితే సుర్ఖ్ రాజు ఎవరి చేతిలో ఉంటే వారు ఆట మొదలుపెట్టాలి, రాత్రి అయితే సఫేద్ రాజు ఉన్నవారు. ఎండకు ఎరుపు, వెన్నెలకు తెలుపు!

ఈ పేక దశావతారాలుగా మారినప్పుడూ ఆ నియమం చెడలేదు. చేప, తాబేలు, గొడ్డలి వంటి గుర్తులు వచ్చాయి. పగటి ఆటకు రాముడు, రాత్రి ఆటకు కృష్ణుడు ముందు నడిచారు. ఒకరు సూర్యవంశం, ఇంకొకరు చంద్రవంశం అన్నది ఇక్కడ గుర్తుకు రాక మానదు. పరాయి ఆటను సొంతం చేసుకోవడమంటే ఇదేననిపిస్తుంది.

కొత్తగా నేర్చుకునేవారు తడబడేది అంకెల విలువ దగ్గర. సఫేద్‌లో రాజు, మంత్రి తరవాత పెద్ద ముక్క పది, అన్నిటికన్నా చిన్నది ఒకటి. సుర్ఖ్‌లో తలకిందులు: మంత్రి తరవాత ఒకటే పెద్దది, పది అడుగున పడుతుంది. సగం జట్లు ఒక తీరు, సగం ఇంకో తీరు. చేతిలోని పదికి పట్టు వస్తుందో రాదో ముందు రంగు చూస్తే గాని తెలియదు. సాధారణంగా ముగ్గురు ఆడే ఈ ఆటలో తురుపు లేదు.

తెలుగు నేల మీద నిర్మల్ నకాషీ చిత్రకారులు, ఇప్పటి నంద్యాల జిల్లా నొస్సం చిత్రకారులు ఈ ముక్కలు రాశారు. మహారాష్ట్రలోని సావంతవాడి సంస్థానానికి ఈ ఆటను తెలంగాణ పండితులే తీసుకెళ్లారని అంటారు. మైసూరులో మూడో కృష్ణరాజ ఒడయరు పేకను 360 ముక్కల దాకా పెంచాడు. ఒడిశాలోని రఘురాజ్‌పూర్‌లో గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అంటించి, సుద్ద పూసి ముక్కలు కోస్తారు. ఆపైన ఒక్కో జట్టుకు దాని రంగు ఎక్కుతుంది.

ఐరోపా పేక వచ్చాక ఇన్ని రంగులూ ఎరుపు, నలుపు రెండింటికి కుదించుకుపోయాయి. మన కళావరు డచ్చివారి ‘క్లావర్’. ఫ్రెంచివారి భాషలో పేకలోని జట్టును ‘కులర్’, అంటే రంగు అనే పిలుస్తారు. మాట మిగిలినా రంగులు మాత్రం రెండే. అచ్చుపేక చవక కావడం చేత్తో రాసే గంజిఫాకు పెద్ద దెబ్బ.

రంగును బట్టి పేక కట్టే పద్ధతి 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అనే పేకాటలో మళ్లీ బలంగా కనిపిస్తుంది. అందులో ఐదు రంగులు: తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. ‘కమాండర్’ అనే తరహాలో ఒక ముక్కను నాయకుడిగా పెట్టుకుని, 100 ముక్కల పేకను ఆటగాడే ఏరి కట్టుకుంటాడు. నాయకుడి ముక్కలో లేని రంగు గుర్తు ఏ ముక్క మీద ఉన్నా అది ఆ పేకలో చేరదు. గంజిఫాలో ఏరుకునే స్వేచ్ఛ లేదు, పేక ముందే నిండుగా ఉంటుంది. రంగు మాట దాటకూడదన్నది మాత్రం రెండింటా ఒకటే.

పాత ఇళ్ల అటకల మీద గుండ్రటి ముక్కలు దొరికితే పారేయకండి. రంగుల వారీగా విడదీసి, ఒక్కో రంగులో పన్నెండు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఒక రంగు తక్కువైనా సరే, ఉన్నవాటిని ఉన్నట్టే మ్యూజియానికి చేర్చండి.